తాలుమూటకు ఎర్రగుడ్డ

హైదరాబాద్,
18 జనవరి 2004

అత్తయ్యా,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ మామయ్యే తీశాడు. "ఎవరూ, అఖిలా? బాగున్నావా తల్లీ? ఉండు, మీ అత్తని పిలుస్తా" అని ఎంతో మర్యాదగా రిసీవర్ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పది నిమిషాలసేపు మీ గేదె నాతో మాట్లాడింది. ఎస్టీడీ బూత్ ఆయన గాజుతలుపులోంచి జాలిగా చూశాడు. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరాన్ని మామయ్య ఎత్తి పక్కన పెట్టినా అది అక్కడే ఉంటుంది కదా.

కొత్త ఉద్యోగంలో చేరాను. "మళ్ళీనా!" అని నువ్వనే మాట ఇక్కడికే వినపడింది. అవును, రెండేళ్ళలో మూడోది. మందుల కంపెనీలో సీసాల మీద తేదీలు చూసీ చూసీ నాకే గడువు తీరిపోయేలా ఉంది. కాలేజీలో పాఠం చెబుతుంటే పిల్లలకంటే ముందు నాకే ఆవలింత వచ్చేది. ఇది అలా కాదు. విను.

మామయ్యకున్న జబ్బు మీదే మా పని. అది బుర్రలో జబ్బని గుంటూరు డాక్టరుగారు నీకు బొమ్మ గీసి చూపించారు. మా ల్యాబు నడిపే శేషాచలం సారు ఏమంటారంటే, బుర్ర ఒక్కటే కాదు, ఒంట్లోకి వచ్చే రోగాలకి అడ్డం నిలబడే తెల్లకణాలు కూడా ఈ అల్జీమర్స్ ఉన్నవాళ్ళలో కొంత మారుతున్నట్టు పైదేశాల వాళ్ళు కొందరు రాస్తున్నారట. మన దగ్గర ఎలా ఉందో చూడాలని ఆయన పట్టుదల. ఈ తెల్లకణాల్లో కొన్ని కొత్తవి, ఇంకా ఏ రోగం మొహమూ చూడనివి. కొన్నేమో ఒకసారి పోట్లాడి, ఆ రోగాన్ని గుర్తుపెట్టుకుని కూర్చున్నవి. వాటి పేరే జ్ఞాపక కణాలు. జబ్బున్నవాళ్ళలో కొత్తవి తగ్గి, ఈ గుర్తున్నవి పెరుగుతున్నాయేమోనని అనుమానం.

ఎలా లెక్కపెడతారంటావా? మీ మిరప కల్లంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరతారు చూడు, అచ్చం అలాగే. కణాలు ఒకదాని వెనక ఒకటి లేజరు వెలుగు ముందునుంచి నడుస్తాయి. ఏది ఏ రకమో మెషిన్ చెబుతుంది. తేడా ఒకటే. మీ కల్లంలో కబుర్లుంటాయి, ఇక్కడ ఏసీ చప్పుడు.

మాకు ఇరవై జతలు కావాలి. జబ్బున్న మనిషి ఒకరు, అదే ఇంట్లో అదే తిండి తినే జబ్బులేని భార్యో భర్తో ఒకరు. పందొమ్మిది జతలు దొరికాయి.

(అడగడానికి మొహమాటమేసి ఇంత కిందకి తెచ్చి రాశాను. నీకు అర్థమయ్యే ఉంటుంది.)

నీ చేతి పచ్చడి లేక చిక్కిపోతున్న
అఖిల


నల్లపాడు,
27-1-2004

అఖిలకి,

గేదె ఈనింది. పెయ్యదూడ, నుదుటి మీద తెల్లమచ్చ. నువ్వు ఫోన్లో విన్నది నొప్పులు పడుతున్న గేదెని. మీ మామయ్య ఆరోజు నా దగ్గరకొచ్చి "గేదె ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది" అన్నాడు. నేను నమ్మలేదు. నీ ఉత్తరం చూశాక ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తేలింది.

రక్తం సంగతి. దానికి మొహమాటమెందుకే? డిగ్రీ మూడేళ్ళూ నా ఇంట్లో తిని నాతో పోట్లాడినదానివి, రెండు చుక్కల రక్తానికి ఇంత పెద్ద ఉత్తరమా? తీసుకో. కానీ ఒకటి అడుగుతా. ఆయన బుర్ర మర్చిపోతుంటే రక్తం గుర్తుపెట్టుకుంటోందంటున్నావు. మరి ఆ గుర్తున్నవాటిని సూదితో లాగి బుర్రలోకి ఎక్కించలేరా? ఇంతమంది చదివి ఒకచోట చేరారు, ఆ మాత్రం తోచలేదా మీ సారుకి?

ఈ ఏడు కాయ బాగుంది. పదిమంది ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. తుమ్ములే తుమ్ములు. మీ మామయ్య కల్లం ఒడ్డున నవారు మంచం వేయించుకుని దర్జాగా కూర్చుంటున్నాడు. నా పేరు రోజుకొకటి. మొన్న "అమ్మాయ్" అన్నాడు, నిన్న "మేస్త్రీ" అని పిలిచాడు. పలికాను, ఏం చేస్తాం, మేస్త్రీ పనే కదా చేసేది. కానీ తాలుమూట కుట్టడం ఆలస్యం, మంచిమూటల్లో కలవకుండా గుర్తుకి ఎర్రగుడ్డ పీలిక చింపి దాని మూతికి కట్టేస్తున్నాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. నువ్వు ఒకసారి మంచికాయ మూటకి ఎర్రగుడ్డ కట్టి తిట్లు తిన్నావు, గుర్తుందా? "డీలక్స్ కాయకి మచ్చ పెడతావా!" అని మూడురోజులు నీతో మాట్లాడలేదు. ఆ రోషం మాత్రం ఒక్క గింజ తగ్గలేదు.

పండుమిర్చి పచ్చడి పార్సిల్ పంపుతున్నా. అన్నంలో నెయ్యి ఎక్కువ వేసుకో.

మీ అత్తయ్య


హైదరాబాద్,
5 ఫిబ్రవరి 2004

అత్తయ్యా,

నీ ప్రశ్న సారుకి చెప్పాను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆవిడ ఏం చదివారు?" అని అడిగారు. ఎనిమిదో తరగతి అన్నాను. "ప్రశ్న మాత్రం పెద్దది" అన్నారు. నేను చేరిన రెండునెలల్లో ఆయన అలాంటి మాట నాకొక్కసారీ అనలేదు. కుళ్ళుగా ఉంది.

ఈ నెల పదిహేడున గుంటూరు నుంచి మీరావలి అనే ఆయన వస్తాడు. రక్తం తీయడంలో ఆయన చెయ్యి దూదట. తెల్లారి ఏమీ తినకుండా ఉండండి. మీ ఇంటి నంబరు ఇరవై. రెండు గొట్టాల మీదా అదే నంబరు ఉంటుంది. ఎవరిదేదో తెలియడానికి నీ గొట్టానికి ఎర్ర రబ్బరు బ్యాండు తొడుగుతాడు, అంటే జబ్బులేని మనిషిదని. ఈ రబ్బరు బ్యాండు ఆలోచన నాదే! సారు ఒప్పుకున్నారు. ఇక్కడికి రాగానే త్రినాథ్ అనే అతను బ్యాండు తీసేసి, మా ఎవరికీ తెలియకుండా వేరే అంకెలు వేసి రిజిస్టరులో రాసుకుంటాడు. లెక్కపెట్టే నాకు ఎవరి రక్తమో తెలియకూడదన్నమాట. తెలిస్తే కళ్ళు పక్షపాతం చూపిస్తాయట.

త్రినాథ్‌ది పొన్నూరు. అంత రహస్యం దాచే మనిషిలా కనపడడు, టీకి వెళ్తే గంట.

పార్సిల్ వచ్చింది. పచ్చడి కొంచెం ఉప్పగా ఉంది అత్తయ్యా. కొంచెం కాదు. సముద్రం.

అఖిల


నల్లపాడు,
20-2-2004

అఖిలకి,

గేదె ఈనిన సంగతి చెప్పలేదు కదూ. పెయ్యదూడ. నుదుటి మీద తెల్లమచ్చ.

నీ మీరావలి వచ్చాడు. మంచివాడు. వాళ్ళమ్మ జుబేదాది మంగళగిరి, మగ్గం మీద చీరలు నేసేదట, నా చీర అంచు చూసి ఎక్కడిదో చెప్పాడు. మీ మామయ్య ముందు సూది వద్దన్నాడు. "ముందు ఆమెకి వెయ్యి, బతికితే నాకు" అన్నాడు. నాకు వేశాక బతికే ఉన్నానని నిదానంగా చూసి అప్పుడు చెయ్యి చాపాడు.

మీరావలికి కాఫీ కలపడానికి లోపలికెళ్ళానో లేదో, మీ మామయ్య థర్మోకోల్ పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. గొట్టాలు వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు, మిర్చియార్డులో కాయ బేరం చేసే వ్యాపారిలా. మీరావలితో ఏదో గొడవ కూడా పడుతున్నాడు. ముట్టుకోవద్దని వంటింట్లోంచే కసిరాను. మీరావలి కాఫీ తాగి, పెట్టె కట్టుకుని, హైదరాబాద్ బస్సుకి అందించాలని పరుగెత్తాడు.

పచ్చడికి వంకలు పెట్టకు. నలభై ఏళ్ళుగా ఒకే కొలత.

మీ అత్తయ్య


హైదరాబాద్,
8 మార్చి 2004

ప్రియమైన అత్తయ్యకి,

ఎలా ఉన్నావు? నిద్ర బాగా పడుతోందా? భోజనం వేళకి చేస్తున్నావా?

ఊరికే, సరదాకి కొన్ని చెయ్యవూ? ఇక్కడ మేమంతా ఆడుకుంటున్నాం. వందలోంచి ఏడు తీసెయ్యి, వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు, అలా వెనక్కి వెళ్ళు. ఒక గడియారం బొమ్మ గీసి ముళ్ళు పదీ పదికి పెట్టు. మొన్న సోమవారం ఏం కూర వండావో రాయి. ఎవర్నీ అడగకుండా చెయ్యాలి.

సామాన్లు ఎక్కడ పెట్టావో వెతుక్కోవాల్సి వస్తోందా? ఊరికే అడుగుతున్నాను.

నీ
అఖిల


నల్లపాడు,
15-3-2004

అఖిలకి, అత్తయ్య కాస్త అనుమానంగా రాస్తున్నది.

నువ్వు నన్ను "ప్రియమైన" అనడం పుట్టాక ఇదే మొదలు. నిద్ర పట్టిందా, తిన్నావా అని అడగడం రెండోసారి. మొదటిసారి నా స్కూటర్ తీసుకెళ్ళి కాలవలో పడేసి వచ్చినప్పుడు.

సంగతేంటి? గడియారం ఎందుకు గీయించావు? ముహూర్తమా? ఆ పొన్నూరు అబ్బాయి త్రినాథేనా? టీకి వెళ్తే గంట రాడని అంత కచ్చితంగా తెలిసిందంటే ఆ గంటా నువ్వు గుమ్మం వైపు చూస్తూనే ఉన్నావన్నమాట. మీ నాన్నకి చెప్పే ముందు నాకు బుర్ర సరిగ్గా ఉందో లేదో పరీక్ష పెడుతున్నావు, మధ్యవర్తిగా పనికొస్తానా అని. వస్తాను. వాళ్ళకి పొలముందా?

ఇక నీ ఆటలు. 93, 86, 79, 72. ఇక్కడికొచ్చేసరికి దూడ తాడు తెంచుకుంది. ఆ తర్వాత నాకు ఓపిక లేదు, 72 దగ్గరే ఉంచు. గడియారం వెనకవైపు గీశాను. నాలుగూ ఇరవై. మనింటి గడియారం ఆ టైముకి ఆగిపోయి ఏడాదైంది, అందులో పదీ పది ఎప్పటికీ అవదు. సోమవారం ఏం వండానంటావా? సోమవారం నేను వండలేదు. వంకాయ కోసి పెట్టి పెరట్లోకెళ్ళి వచ్చేసరికి ముక్కలు లేవు, గేదె నెమరేస్తోంది.

సామాన్లు వెతుక్కోవడమా? ఈ ఇంట్లో నేను చేసేదే అది. ఇవాళ కళ్ళజోడు పప్పుడబ్బాలో దొరికింది.

మీ అత్తయ్య


హైదరాబాద్,
22 మార్చి 2004

అత్తయ్యా,

పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. త్రినాథ్‌కి పొలముందో లేదో నాకు తెలియదు. నేనొక తప్పు చేశాను. నీకు నిజం చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

ఇరవై జతల లెక్క అయిపోయిన రోజు త్రినాథ్ టీకి వెళ్ళాడు. రిజిస్టరు సొరుగులో ఉంది. చూడకూడదు. చూశాను. మన ఇంటి జత ఏదో తెలుసుకోవాలనే. రబ్బరు బ్యాండు లేకుండా వచ్చిన గొట్టంలో, అంటే మామయ్య రక్తంలో, కణాలు మామూలు వయసువాళ్ళలా ఉన్నాయి. బ్యాండుతో వచ్చిన గొట్టంలో కొత్త కణాలు అడుగంటాయి, గుర్తున్నవి కిక్కిరిసి ఉన్నాయి. జబ్బున్నవాళ్ళు చాలామందిలో మాకు కనపడినట్టే. అది నీ గొట్టం.

అప్పటినుంచి నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. గేదె ఈనిన సంగతి రెండుసార్లు రాశావు. పచ్చడిలో ఉప్పు రెండింతలు. గడియారం నాలుగూ ఇరవై. కళ్ళజోడు పప్పుడబ్బాలో. నువ్వు నవ్విస్తూ రాసిన ప్రతిదీ నాకు భయంగా కనపడింది.

ఏడుస్తూ వెళ్ళి సారుకి చెప్పేశాను. బాగా తిట్టారు. "ఇది షుగరు పరీక్ష అనుకున్నావా? ఒక్క మనిషి గొట్టం చూసి జబ్బు ఉందనీ లేదనీ చెప్పగలిగితే నేను ఈ గదిలో ఎందుకు కూర్చుంటాను? ఇరవై జతలు కలిపి చూస్తే ఏదైనా కనపడుతుందేమో. అదీ 'ఏమో'. మొన్న జలుబు చేసినా, ఎప్పుడో చిన్నప్పుడు తగిలిన వైరస్ ఒంట్లో దాక్కున్నా ఆ అంకెలు మారతాయి. పైగా రిజిస్టరు చూసినందుకు ఆ జత ఇక పనికిరాదు, మళ్ళీ తీయించు. ఈసారి అంకెలు నేనే వేస్తాను, లెక్కపెట్టేది త్రినాథ్, నువ్వు కాదు" అన్నారు.

ఆయన చెప్పిందంతా నిజమే. నేను చదివిందీ అదే. కానీ చదువు ఒక పక్క, మా అత్తయ్య ఒక పక్క. నిన్ను గుంటూరు డాక్టరుగారికి చూపించుకోమని బతిమాలుకుంటున్నాను. రెండో తారీకున మీరావలి మళ్ళీ వస్తాడు.

తిట్టు. కానీ వెళ్ళు.

అఖిల


నల్లపాడు,
4-4-2004

అఖిలకి,

నీ ఉత్తరం గుమ్మంలో కూర్చుని రెండుసార్లు చదివాను. దాచడమెందుకు, భయపడ్డాను. చావుకి కాదు. నాకూ ఆ జబ్బే వస్తే ఆయన పేరు ఆయనకి ఎవరు చెబుతారు? పొద్దున్నే "నువ్వు బుల్లయ్యవి, ఇది నీ ఇల్లు, అది నీ గేదె" అని వరసగా చెబితేనే ఆయన మంచం దిగుతాడు. ఆ వరస నేను మర్చిపోతే ఇద్దరం పరాయివాళ్ళలా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి.

మూడురోజులు నన్ను నేను తాలు ఏరినట్టు ఏరుకున్నాను. ఏది మర్చిపోయినా క్యాలెండరు మీద గీత పెట్టాను. మూడురోజుల్లో రెండు గీతలు. ఒకటి స్టవ్ మీద పాలు. రెండోది ఆ మొదటి గీత పెట్టడం. డాక్టరుగారి దగ్గరకీ వెళ్ళాను. ఆయనా గడియారం గీయమన్నాడు. "పదీ పదా?" అన్నాను. "మీకెలా తెలుసు?" అన్నాడు. ఈసారి పదీ పదే గీశాను. వంద నుంచి రెండు దాకా దిగాను, అక్కడ దూడ లేదు కాబట్టి. "మీకేం లేదమ్మా, అలసట, కాస్త నిద్రపోండి" అని పంపించాడు. అయినా నీ గొట్టం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

నిన్నగాక మొన్న మీరావలి వచ్చాడు. ఈసారి కాఫీ ముందే ఇచ్చేశాను, వంటింట్లోకి పోలేదు. మా ఇద్దరి కళ్ళముందే నా గొట్టానికి ఎర్ర బ్యాండు తొడిగి, రెండూ పెట్టెలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నా. మీ మామయ్య లేచాడు. మూత తీశాడు. నా గొట్టం పైకెత్తి చూసి, బ్యాండు సర్రున లాగేసి తన గొట్టానికి తొడిగాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఏందయ్యా ఆ పని?" అన్నా.

"ఎవడు కట్టాడు దీనికి ఎర్రది?"

"మీరావలి. గుర్తుకి."

"గుర్తు తాలుకి కడతారు! ముప్పై ఏళ్ళుగా కల్లం చేస్తున్నా, నాకు చెబుతాడా? ఇది మా వెంకటేశ్వరమ్మది. డీలక్స్ కాయ. దీనికి మచ్చ పెడతాడా? తాలు నేను. కనపడట్లా? నాది తాలు, దానికి కట్టండి."

మీరావలి తడిచేతులతో అక్కడే నిలబడిపోయాడు. "పోయినసారీ ఇదే గొడవమ్మా. ఎవడు కట్టాడని నా మీదకొచ్చాడు. పెద్దాయన కదా అని నవ్వి ఊరుకున్నా. మార్చేశాడని నాకేం తెలుసు?" అన్నాడు.

అదీ సంగతి. నా రక్తమని నువ్వు ఏడ్చింది ఆయన రక్తానికి. బియ్యెస్సీ, ఎమ్మెస్సీ చదివి, మా కల్లంలోనే తిట్లు తిని, మంచిదానికి ఎర్రది తొడగమని ఎవరు చెప్పారే నీకు?

మిగతా తాలు కూడా ఏరేస్తా, విను. దూడ సంగతి రెండుసార్లు ఎందుకు రాశానంటే, మొదటి ఉత్తరం పోస్టు చెయ్యమని ఆయనకిచ్చాను. ఆయనకిచ్చిన ఉత్తరాల్లో ఏదో ఒక కాగితం తర్వాత బియ్యం డ్రమ్ములో దొరుకుతుంది. నీ జవాబులో దూడ ఊసే లేదు, ఆ కాగితం నీకు చేరిందని నాకేం తెలుసు? పచ్చడిలో నేను ఉప్పు వేశాక ఆయనా వేశాడట, పక్కింటి రహిమున్నీసా చూసి ఇప్పుడు చెబుతోంది. కళ్ళజోడు పప్పుడబ్బాలో ఎవరు పెట్టారో నేను వేరే చెప్పక్కర్లేదు. నీకు దొరికిన సాక్ష్యాలన్నిటి మీదా ఆయన వేలిముద్రలే.

మీరావలి బ్యాండు పారేసి, కాగితం మీద పేర్లు రాసి జిగురుతో అంటించాడు. మీ సారుతో చెప్పు, ఇకముందు అలాగే చెయ్యమని. ఒక్క గొట్టంతో ఏదీ తేలదని ఆయనన్న మాట నాకు నచ్చింది, మా కల్లంలో కూడా ఒక్క కాయ చూసి మూట ధర చెప్పరు. త్రినాథ్‌ని జాగ్రత్తగా లెక్కపెట్టమను. వాళ్ళ పొలం సంగతి కూడా నెమ్మదిగా కనుక్కో.

పెళ్ళై నలభై నాలుగేళ్ళు. నా వంటకి ఆయన "ఊఁ" అన్నదే పెద్ద మెప్పు. నా పేరు పెట్టి పిలిచి ఎనిమిది నెలలైంది. మొన్న పేరూ పలికాడు, రకమూ చెప్పాడు. సాయంత్రానికి మళ్ళీ మామూలే. "ఎవరమ్మా, కాస్త మంచినీళ్ళిస్తావా?" అన్నాడు. ఇచ్చాను. పొద్దున్న అన్న మాట ఆయనకి గుర్తులేదు. ఫర్వాలేదు, నాకుంది.

ఇట్లు,
డీలక్స్ రకం,
మీ అత్తయ్య